ఫ్రిజ్‌లో కాలింగ్ బెల్

ఆ రోజు ఫిబ్రవరి ఇరవై రెండో తారీకు. పొద్దున ఇంటిల్లిపాదీ తిన్నది రొట్టె అంచులు. ముందురోజు సాధన కోసం కాల్చిన రొట్టెల నడిమి భాగమంతా కోడలు ముక్కలు కోసి, తనిఖీకి రాబోయే అధికారికి చూపించడానికి డబ్బాలో దాచేసింది. కాఫీలో ముంచితే అంచులే అసలు రుచి అన్నారు మామగారు. నిజానికి అవి ఆయన పళ్ళకి లొంగలేదు. అయినా కోడలు చిన్నబుచ్చుకుంటుందని ఇంకో అంచు అడిగి మరీ వేయించుకున్నారు.

ఆ ఇంటి జబ్బే అది. ఎవరూ ఎవరినీ నొప్పించరు. అత్తగారు బతికున్నంతకాలం కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి ఒకరుండేవారు. కూరలో ఉప్పెక్కువైందనీ, ఆ చొక్కా బాగోలేదనీ, చుట్టాలు ఇక లేస్తే మనం పడుకోవచ్చనీ అన్నీ ఆవిడే అనేసేది. మిగతావాళ్ళు ఆవిడ చాటున మంచివాళ్ళుగా చెలామణీ అయిపోయేవారు. ఆవిడ పోయాక ఇంట్లో మిగిలింది నలుగురు మంచివాళ్ళు. ఒక్క కప్పు కింద అంతమంది మంచివాళ్ళుంటే ఏదో ఒకరోజు కొంప మునక్క తప్పదు.

ఆ నలుగురిలో మొదటివారు మామగారు. వాతావరణ కార్యాలయంలో ఎండనీ వాననీ కొలిచి రిటైరయ్యారు. రెండోవారు ఆయన అక్కగారు. చెవికి మిషన్ పెట్టుకుంటే గోడ అవతల గుసగుసలు కూడా వింటుంది, తీస్తే పిడుగు పడ్డా తల ఊపుతుంది. మూడోవాడు కొడుకు, కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. నాలుగోది కోడలు. వంటింట్లోనే పెద్ద కరెంటు ఓవెన్ పెట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకి రొట్టెలు కాల్చి ఇస్తోంది. పెద్దాసుపత్రి క్యాంటీన్ వాళ్ళు ఆమె రొట్టె తిని చూసి, లైసెన్సు తెచ్చుకుంటే రోజూ రోగులందరికీ నీ దగ్గరే తీసుకుంటామన్నారు. సోమవారం లోపల తేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు. ఆ లైసెన్సు కోసమే ఆ రోజు పదకొండింటికి తనిఖీ.

ముందురోజు సాయంత్రం మామగారికి టీవీ మెకానిక్ ఫోన్ చేశాడు. హాల్లో టీవీ వారం కిందట హఠాత్తుగా ప్రాణం విడిస్తే అతనే దుకాణానికి మోసుకుపోయాడు.

"వేడికి పోయింది సార్. లోపల బోర్డంతా మాడిపోయింది. టీవీ పక్కన పొయ్యిగానీ హీటరుగానీ ఉందా?"

"అబ్బే, పక్కనేమీ లేదే," అన్నారు మామగారు. ఫోన్ పెట్టేశాక మాత్రం లేచి, టీవీ స్టాండు వెనక గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "నలభై డిగ్రీలు," అనుకున్నారు తనలో తాను. గోడకి అవతల, సరిగ్గా అదే చోట, గోడని కరుచుకుని కోడలి ఓవెన్ ఉంది.

ఎలక్ట్రానిక్ వస్తువు చుట్టూ పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమైపోతుందని ఆయన ఎప్పుడో పత్రికలో చదివారు. ఆ లెక్కన ఆ గోడ పక్కన ఉన్నవన్నీ చావుకి దగ్గరపడ్డట్టే. ఇంటర్నెట్ రౌటరు ఆ గోడకే ఉంది. వైరు లేకుండా బ్యాటరీతో మోగే కాలింగ్ బెల్ పెట్టె ఆ గోడకే ఉంది. రేడియో, రిమోట్లు, బల్లమీద గడియారం, అక్కగారు స్నానానికి వెళ్తూ చెవి మిషన్ తీసిపెట్టే అలమర, అన్నీ అక్కడే. పైగా రేపు తనిఖీ కోసం ఓవెన్ తెల్లారినప్పటి నుంచీ మండుతుంది.

"అమ్మా, నీ ఓవెన్ కాస్త జరుపుకో" అంటే అయిపోయేది. కానీ రేపు పరీక్ష పెట్టుకున్న పిల్లతో ఇవాళ ఆ మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు. ఓవెన్‌ని కదపకూడదు, కాబట్టి మిగతా ప్రపంచాన్నే కదపాలని రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నారు.

తెల్లారింది. అంచులు తినడం అయింది. కోడలు రొట్టెలు ఓవెన్‌లో పెట్టి, కాలితో తొక్కితే మూత లేచే చెత్తబుట్ట కొనడానికి బజారుకి వెళ్ళింది. అలాంటిది లేకపోతే లైసెన్సు ఇవ్వరని ఎవరో చెప్పారు. కొడుకు పెరట్లో కిటికీ రెక్కలు తుడుస్తున్నాడు. అక్కగారు స్నానానికి వెళ్ళింది. మామగారు చొక్కా చేతులు మడిచారు.

ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు ఏదని ఆయన తనని తాను ప్రశ్నించుకోవలసిన పనే లేదు. వంటింట్లో మూల నుంచి ఫ్రిజ్ సన్నగా మూలుగుతూనే ఉంది. తలుపు తీస్తే లోపల పెద్ద బేసిన్‌లో పిండిముద్ద, వెన్న, గుడ్లు. కోడలు ఆ పిండిని నిదానంగా పొంగాలని రాత్రి అందులో పెట్టింది. మామగారు వాటన్నిటినీ జాగ్రత్తగా బయటికి తీశారు. వేడికి పాడయ్యేవి ఎలక్ట్రానిక్ వస్తువులు కదా, పిండికేం. బేసిన్‌ని తీసుకెళ్ళి టీవీ ఉండవలసిన ఖాళీ చోట పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పారు. గుడ్లూ వెన్నా కింద అద్దాల అరలో సర్దారు. తరవాత రౌటరు, కరెంటు లేనప్పుడు దాన్ని నడిపే బ్యాటరీ, రేడియో, రిమోట్లు, గడియారం, బెల్ పెట్టె, చివరికి అక్కగారి చెవి మిషన్, వరసగా ఫ్రిజ్ అరల్లో చేరాయి. తలుపు మూస్తూ ఆయన తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు. వాతావరణ కార్యాలయంలో కూడా పరికరాలు ఇంత పొందికగా ఉండేవి కావు.

కోడలు చెత్తబుట్టతో తిరిగొచ్చి హాల్లో అడుగుపెట్టి ఆగిపోయింది. అలమర బోసిపోయి ఉంది. మామగారి రేడియో లేదు. ఆయన రోజూ చూసుకునే గడియారం లేదు. తెల్లగుడ్డ కప్పినదేదో టీవీ చోట కూర్చుని ఉంది కానీ ఆమె దృష్టి దాని మీదకి పోలేదు. రేడియో లేని మామగారిని ఆమె ఊహించుకోలేదు. ఆ రేడియో ఎక్కడికి వెళ్తే ఆయన అక్కడికి వెళ్తారు, ఆయన ఎక్కడికి వెళ్తే అది అక్కడికి వెళ్తుంది.

అప్పుడే స్నానం ముగించిన అక్కగారు, ఆ ఇంటి పెద్దావిడ, తల తుడుచుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మగారూ, మామయ్యగారి రేడియో ఏది? సర్దేసుకున్నారా?"

చెవి మిషన్ అలమరలో లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయానని ఒప్పుకోవడం పెద్దావిడకి ఇష్టం లేదు. నవ్వుతూ తల ఊపింది.

"ఊరికి వెళ్ళిపోతున్నారా?"

మళ్ళీ ఊపింది.

"నా ఓవెన్ వేడి వల్లేనా?"

ఈసారి పెద్దావిడ కాస్త గట్టిగానే ఊపింది. ఒకసారి అవునంటే ఎవరూ మళ్ళీ అడగరని ఆవిడ అనుభవం.

కోడలు పెరట్లోకి పరిగెత్తింది. "ఏమండీ, మామయ్యగారు వెళ్ళిపోతున్నారు. వంటింటి వేడి భరించలేకపోతున్నారట. పెద్దమ్మగారు చెప్పారు."

"నాన్న అలా ఏమీ అనలేదే."

"అనరు కదండీ. మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా అంటారా? మీరెళ్ళి అడగండి."

కొడుకు తండ్రి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వాకిట్లో కుర్చీలో తృప్తిగా కూర్చుని ఉన్నారు. వెళ్ళిపోతున్నావా అని తండ్రిని అడిగితే, వెళ్ళమంటున్నాడని అనుకుంటారేమోనని కొడుక్కి భయం వేసింది. గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, ఈ వారం ప్రయాణాలకి వాతావరణం ఎలా ఉంటుందంటారు?"

కొడుకు తన విద్య గురించి అడిగి ఎన్నాళ్ళో అయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "భేషుగ్గా ఉంటుందిరా. అందులోనూ ఉత్తరం వైపు వెళ్తే ఇంకా హాయి. గాలి చల్లగా తిరిగింది."

ఉత్తరం వైపు ఊళ్ళో ఆయన కూతురు ఉంది. కొడుకు నెమ్మదిగా వంటింట్లోకి వచ్చాడు. "నిజమే. అక్కయ్య దగ్గరికే. చాలా సంతోషంగా కూడా ఉన్నారు," అన్నాడు దిగులుగా.

కోడలు ఓవెన్ వంక చూసింది. లోపల రొట్టెలు సగం కాలి, బంగారు రంగుకి తిరుగుతున్నాయి. వాటి వెనక ఆసుపత్రి క్యాంటీన్, రోజూ తెల్లవారుజామున రొట్టెల గంపలతో బయల్దేరే బండి, అన్నీ ఆమె కళ్ళకి కట్టాయి. మూతి బిగించి, చెయ్యి చాచి స్విచ్ కట్టేసింది.

"అదేంటి? రొట్టెలు సగంలో ఉన్నాయిగా," అన్నాడు కొడుకు.

"ఉండనీండి. మనిషిని పంపేసి రొట్టెలమ్ముకోవడమేంటి? దీన్ని పెరటి వసారాలోకి లాగేద్దాం, పట్టండి. అక్కడైతే ఆయనకి వేడి తగలదు."

"ఇప్పుడా? తనిఖీ ఆవిడ వచ్చే వేళైంది."

"ఆవిడ ఇవాళ కాకపోతే ఇంకెప్పుడైనా వస్తుంది. మామయ్యగారు వెళ్తే మళ్ళీ రమ్మని పిలవడానికి మనకి నోరొస్తుందా?"

ఇద్దరూ చేతులకి మందపాటి గుడ్డలు చుట్టుకుని ఓవెన్‌ని గోడ దగ్గర్నుంచి లాగారు. ఒక మూరెడు దూరం బుద్ధిగానే వచ్చింది. ఆపైన పెరటి గుమ్మం వైపు తిప్పబోతే కాలు ఒకటి గచ్చు పగుల్లో దిగబడిపోయింది. కోడలు అటు, కొడుకు ఇటు, నడుమ సగం కాలిన రొట్టెలతో ఓవెన్. అది ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు.

"కొంచెం ఎత్తండి."

"ఎత్తుతున్నాను."

"మీరు ఎత్తుతున్నట్టు ముఖం పెడుతున్నారు, అంతే."

సరిగ్గా అప్పుడు ఫ్రిజ్‌లో పిట్టలు కూశాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫ్రిజ్ తలుపు వెనక నుంచి, దుప్పట్లో దూరి పాడినట్టు, కిచకిచమని ఒక రాగం వచ్చి ఆగింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"మన కాలింగ్ బెల్ కదూ అది," అన్నాడు కొడుకు.

"ఫ్రిజ్‌లోంచి ఎందుకొస్తుందండీ?"

దానికి జవాబు ఆలోచించే లోపలే హాల్లో మామగారి గొంతు వినిపించింది. "రండమ్మా, రండి. బెల్ కొట్టారా? పని చేస్తోందన్నమాట. చాలా సంతోషం."

వచ్చినావిడ సన్నగా, పొడుగ్గా, తలకి వలటోపీ పెట్టుకుని ఉంది. చేతిలో సంచి. ముఖంలో నవ్వడానికి సంబంధించిన ఏర్పాట్లేవీ లేవు. "వంటగది చూపించండి," అంది.

"ఒక్క నిమిషం కూర్చోండి మేడమ్," అని లోపల్నుంచి కోడలి గొంతు రొప్పుతూ వచ్చింది. "కొంచెం... సర్దుతున్నాం."

అధికారిణి సోఫాలో కూర్చుంది. ఎదురుగా టీవీ స్టాండు. దానిమీద తెల్లగుడ్డ. ఓవెన్ వేడి ఇంకా పోని ఆ గోడ పక్కన పిండి తన పని తాను చేసుకుపోతోంది. ఆవిడ చూస్తుండగానే గుడ్డ నెమ్మదిగా పైకి లేచింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. గుడ్డ ఇంకాస్త లేచి, ఒక పక్కకి ఒరిగి, కింది నుంచి తెల్లటి బుగ్గ ఒకటి బయటికి తొంగిచూసింది.

"అదేమిటండీ?"

"పిండి అమ్మా," అన్నారు మామగారు మర్యాదగా.

"అక్కడ టీవీ ఉండాలి కదా?"

"ఉండేది. వేడికి పోయింది. అందుకని పిండి పెట్టాను."

అధికారిణి ఆ రెండు వాక్యాలకీ ఉన్న సంబంధం గురించి కొంతసేపు ఆలోచించింది. కింద అద్దాల అరలో ఉన్న గుడ్లను కూడా చూసింది. సంచి తీసుకుని లేచి వంటింట్లోకి నడిచింది. దంపతులిద్దరూ ఓవెన్‌కి చెరోవైపు నిలబడి, చేతులకి గుడ్డలతో, చెమటలు కక్కుతూ నమస్కారం పెట్టారు. ఆవిడ సంచిలోంచి థర్మామీటరు తీసి తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచింది.

పై అరలో రౌటరు దీపాలు ఆకుపచ్చగా మిణుకుమంటున్నాయి, పక్కన పెట్టిన బ్యాటరీతో సహా. కింద రేడియో, గడియారం. గుడ్ల గుంటల్లో రిమోట్లు నిలబడి ఉన్నాయి. వెన్న పెట్టే చిన్న అరలో చెవి మిషన్.

"నా సర్వీసులో ఫ్రిజ్‌ల్లో బొద్దింకల్ని చూశాను," అంది అధికారిణి నిదానంగా. "ఒకచోట పెళ్ళి ఫొటోలు కూడా చూశాను. కాలింగ్ బెల్‌ని నిల్వ పెట్టినవాళ్ళని ఇవాళే చూస్తున్నా. ఎవరిదీ పని?"

"నాది," అన్నారు మామగారు.

"నావల్లే," అంది కోడలు అదే క్షణంలో.

"ఇద్దరిదీ కాదు మేడమ్, నేను సరిగ్గా అడగలేదు," అన్నాడు కొడుకు.

ముగ్గురూ ఒకేసారి చెప్పారు, తరవాత ఒకరి తరవాత ఒకరు చెప్పారు. మామగారు టీవీ మెకానిక్ గురించి, వెచ్చని గోడ గురించి, కోడలితో అనలేక తనే వస్తువులన్నీ మోసిన సంగతి చెప్పారు. కోడలు విని నోరు తెరిచింది.

"అయితే మీరు ఊరెళ్ళట్లేదా మామయ్యగారూ?"

"నేనెక్కడికెళ్తానమ్మా?"

"ఉత్తరం వైపు హాయిగా ఉంటుందన్నారట."

"వాతావరణం అడిగితే వాతావరణం చెప్పాను. ఇంతకీ నువ్వు ఓవెనెందుకు కట్టేశావు? ఇవాళ పరీక్ష కదా."

"మీరు వెళ్ళిపోతుంటే ఇంక పరీక్ష దేనికి?"

మామగారు ఫ్రిజ్‌లోంచి రేడియో తీసి ఊరికే తుడవసాగారు. తుడిచినకొద్దీ తడి వస్తోంది. చల్లని వస్తువు వెచ్చని గదిలోకి వస్తే దానికి చెమట పడుతుందని ఆయనకి తెలియక కాదు. పొద్దున కురిసే మంచు గురించి ఉద్యోగమంతా రిపోర్టులు రాశారు. అది తన రేడియోకి కూడా వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

"ఆరేదాకా దేన్నీ ఆన్ చెయ్యకండి," అంది అధికారిణి. "వేడి నుంచి కాపాడి నీళ్ళలో ముంచినట్టవుతుంది."

ఆ సమయంలో పెద్దావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. జరిగినదేదీ ఆవిడ చెవిన పడలేదు. చేతిలో అప్పుడే ఉతికి పిండిన మందపాటి ఉన్ని శాలువా. ఓవెన్‌నీ, తలుపు తెరిచిన ఫ్రిజ్‌నీ, టోపీ పెట్టుకున్న కొత్త మనిషినీ చూసి, వినపడనివాళ్ళకి ఉండే పెద్ద గొంతుతో అడిగింది:

"తమ్ముడూ, టీవీ ఇంకా రాలేదట్రా? నా శాలువా దేనిమీద ఆరేసుకోను?"

మామగారు తుడుస్తున్న రేడియోని పక్కన పెట్టారు.

"వెనకాల వేలాడేసి మధ్యాహ్నం కాసేపు టీవీ పెట్టుకుంటే చాలు, ఎంత బాగా ఆరిపోయేదో. దాని వేడి ముందు ఎండ కూడా దిగదుడుపే," అంది పెద్దావిడ కొత్త మనిషికి సిఫారసు చేస్తున్నట్టు.

మామగారు గోడకి ఆనుకున్నారు. టీవీ మీద శాలువా అంచు ఆయన రోజూ చూస్తూనే ఉన్నారు. అక్కయ్య దుమ్ము పడకుండా కప్పుతోందని, ఈ వయసులో కూడా ఎంత శ్రద్ధో అని, చాలాసార్లు మనసులో మెచ్చుకున్నారు కూడా. గాలి ఆడే కన్నాలన్నీ తడి ఉన్నితో మూసేస్తే ఆ టీవీ తన వేడిలో తనే ఉడికిపోయింది. ఓవెన్ పాపం ఎరగదు.

మొదట నవ్వింది అధికారిణి. ఆ ముఖంలో లేవనుకున్న ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. కోడలు ఓవెన్ మీద తల వాల్చి నవ్వింది. వాళ్ళు నవ్వుతున్నారని పెద్దావిడ కూడా నవ్వి, అలవాటు ప్రకారం తల ఊపింది.

నవ్వు తగ్గాక అధికారిణి మళ్ళీ అధికారిణి అయింది. ఓవెన్ వెనక్కి వంగి చూసి, "ఇది ఇదివరకు ఎక్కడ ఉండేది?" అని అడిగింది.

"గోడకి ఆనుకుని మేడమ్," అంది కోడలు, నవ్వు ఆరిపోయిన గొంతుతో.

"అలా ఉండి ఉంటే నేను గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఓవెన్ వెనక మనిషి చెయ్యి దూరి ఊడవాలి, గాలి ఆడాలి. అదీ మొదటి నిబంధన. మీకెవరూ చెప్పలేదా?"

"చెత్తబుట్ట సంగతి చెప్పారు మేడమ్."

"చెత్తబుట్ట తరవాత. ఇప్పుడున్న దూరం సరిపోతుంది. పగుల్లోంచి కాలు తీసి, తిన్నగా నిలబెట్టి, ఇక్కడే ఉంచండి. వెనకంతా కడగండి. ఫ్రిజ్‌లో ఉండవలసినవి ఫ్రిజ్‌లో పెట్టండి. నేను వీధి చివర పిండిమర చూసొస్తాను. వచ్చేసరికి ఇది వంటిల్లులా ఉండాలి. ఇక ఆ హాల్లో పిండి, గుడ్లు, వెన్న అమ్మకానికి పనికిరావు. మీ ఇంటికి వాడుకోండి."

ఆవిడ వెళ్ళాక ఆ ఇల్లు మొదటిసారిగా మొహమాటం లేకుండా పనిచేసింది. "నాన్నా, అడ్డం లే," అన్నాడు కొడుకు. "పెద్దమ్మగారూ, కూర్చోండి," అని కోడలు చేత్తో చూపించింది. ముగ్గురూ ఒకవైపు పట్టేసరికి ఓవెన్ కాలు పగుల్లోంచి ఊడి వచ్చింది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని ఆ వెనక నేల ఎన్నడూ ఎరగనంత శుభ్రంగా కడిగారు. కడుగుతూ గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు. గాలి తగిలి అప్పుడే చల్లబడుతోంది. ఎంతైనా గోడకీ ఓవెన్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉండటం ఇద్దరికీ మంచిదే అనుకున్నారు.

అధికారిణి తిరిగొచ్చి, వంగి చూసి, థర్మామీటరు పెట్టి చూసి, చెత్తబుట్ట మూత తొక్కి చూసింది. కాగితం మీద సంతకం పెట్టి కోడలి చేతికిచ్చింది. కోడలు దాన్ని చదవలేదు, రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. సగంలో ఆగిన రొట్టెల్ని తీసేసి పెట్టిన హాల్లో పిండి అప్పటికి ఓవెన్‌లో కాలుతోంది. వెచ్చగా, తీరిగ్గా పొంగిన ఆ పిండి వాసన ఇల్లంతా నిండిపోయింది.

"డ్యూటీలో తినకూడదు," అంది అధికారిణి, ఎవరూ తినమనకముందే. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ ఆగి, మామగారి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమండీ, మా ఇంట్లో రౌటరు స్టవ్ పైనున్న అరలో ఉంది. తీసెయ్యమంటారా?"

"తీసెయ్యండమ్మా," అన్నారు మామగారు. "కానీ ఎక్కడ పెట్టాలో మాత్రం ముందు ఇంట్లోవాళ్ళని అడగండి."

సాయంత్రానికి రౌటరు బతికింది. రేడియో బతికింది. చెవి మిషన్ బియ్యం డబ్బాలో ఒక పూట గడిపి మళ్ళీ గోడ అవతలి గుసగుసలు వినసాగింది. పెద్దావిడ జరిగిందంతా మొదటినుంచీ చెప్పించుకుని, "నేను అవునన్నానా? నేనెప్పుడూ అలా అననే," అంది. భోజనాలయ్యాక నలుగురూ హాల్లో కూర్చుని, ఇకమీదట ఎవరి మనసులో ఏముంటే అది మొహం మీదే చెప్పేసుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. మామగారే అందరికన్నా ఉత్సాహపడ్డారు.

"మొదలుపెట్టండి. ఎవరికైనా నాతో ఏమైనా చెప్పాలనుందా?"

కోడలు భర్త వంక చూసింది. భర్త పైకప్పు వంక చూశాడు.

"ఒక్కటే మామయ్యగారూ. మీరు ఏమీ అనుకోకపోతే..."

"అనుకోను. అదేగా ఒప్పందం."

"గాలి కోసం మీరు తలుపు తీసుకుని పడుకుంటారు కదా. మీ గురక మా గదిలోకే కాదు, పక్కింటికి కూడా వినపడుతోంది."

"నాకైతే మిషన్ తీసేశాక కూడా వినపడుతోందిరా తమ్ముడూ," అంది పెద్దావిడ.

మామగారు అందరికీ నవ్వుతూ తల ఊపి, లేచి, తన గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు. మనసు విప్పి మాట్లాడుకున్న ఆ ఇంట్లో, మొదటి రాత్రి ఆయనకి కాస్త ఉక్కపోసింది.